బొద్దు అక్షరాలే తాల్ముద్

సంపాదకులకు,

తాల్ముద్ యూదుల ధర్మచర్చల గ్రంథం. ‘తాల్ముద్ ఇలా అంటోంది’ అంటూ ఇంటర్నెట్ నుంచి ఎత్తిరాసే వాక్యాల్లో కొన్ని తాల్ముద్‌వి కావు, రబ్బీ (యూదు మతగురువు) అడిన్ స్టైన్‌సాల్ట్జ్‌వి. 2020 ఆగస్టు 7న కన్నుమూసిన ఈ పండితుడు ఏం చేశారో తెలిస్తే ఆ పొరపాటు ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది.

తాల్ముద్‌కు ప్రామాణికమైన విల్నా ముద్రణలో పుట మధ్యన మూలం, కుట్టు వైపు రాశీ వ్యాఖ్య (మనకు మల్లినాథసూరి ఎలాగో వాళ్లకు రాశీ అలాగ), బయటి వైపు తోసఫోత్ అనే తర్వాతి పండితుల టిప్పణులు ఉంటాయి. హీబ్రూ, అరమాయిక్ కలగలిసిన మూలంలో అచ్చుల గుర్తులుండవు, కామాలు, ఫుల్‌స్టాపులు అసలే ఉండవు. గురువు పక్కన లేకపోతే కొత్తవాడు పూర్వపక్షాన్నే సిద్ధాంతమనుకుంటాడు.

1937లో జెరూసలేంలో, మతం పెద్దగా పట్టని ఇంట్లో పుట్టి, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన స్టైన్‌సాల్ట్జ్ 1965లో తాల్ముద్‌ను గురువు లేకున్నా చదవగలిగేలా చేసే పనికి పూనుకున్నారు. మూలానికి అచ్చుల గుర్తులు, విరామచిహ్నాలు పెట్టి, పక్కనే ఆధునిక హీబ్రూలో అర్థం చెప్పారు. అంచుల్లో పదాల పుట్టుక, పండితుల జీవితాలు, మొక్కల, పనిముట్ల వివరాలు చేర్చారు. పూర్తయ్యేసరికి 2010 వచ్చింది.

1988లో ఇజ్రాయెల్ ప్రైజ్ దక్కింది. మరుసటి ఏడే రబ్బీ ఎలజార్ షాఖ్ వంటి పెద్దలు ఆయన పుస్తకాలు చదవొద్దన్నారు. బైబిల్ మహాపురుషులను ఆయన మామూలు మనుషుల్లా చిత్రించారన్నది వారి కోపం. పుట ఆకృతి మార్చారన్న అభ్యంతరమూ వచ్చింది. దీన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. 1520లలో వెనిస్‌లో బాంబెర్గ్ అచ్చువేసినప్పటి పత్రసంఖ్యలే నేటికీ వాడుక. ‘బెరఖోత్ (తాల్ముద్‌లో ఒక భాగం) 5, రెండో వైపు’ అంటే ఏ దేశంలోనైనా అదే చోటు. 1923లో మొదలైన ‘దఫ్ యోమి’ పారాయణమూ రోజుకో పత్రం చొప్పున 2,711 రోజులు ఈ లెక్క మీదే నడుస్తుంది. 2012 నుంచి కోరెన్ ప్రచురణ సంస్థ తెచ్చిన స్టైన్‌సాల్ట్జ్ తాల్ముద్ ఇంగ్లిష్ సంపుటాల్లో ఒక చివర నుంచి తెరిస్తే విల్నా పుట, మరో చివర నుంచి అనువాదం. తగువు తీర్చే ఉపాయం బాగుంది!

ఆ అనువాదమే 2017 నుంచి సెఫారియా వెబ్‌సైట్‌లో ఉచితం. చదవబోయేవారు 1వ పత్రం కోసం వెతక్కండి, దాదాపు ప్రతి భాగమూ 2తోనే మొదలవుతుంది. బొద్దు అక్షరాల్లో ఉన్నది మూలానికి అనువాదం, మామూలు అక్షరాల్లో ఉన్నది స్టైన్‌సాల్ట్జ్ వివరణ. కాపీ చేసి అతికించేటప్పుడు బొద్దుతనం పోతుంది, రెండూ ఒక్కటైపోతాయి. ఉటంకించే ముందు అసలు పేజీ తెరిచి ఏ మాట ఎవరిదో చూసుకోవాలి.

– ఒక పాఠకుడు