వార్షిక నివేదిక: నగాష్‌కు రంగులు వేసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. నెలవారీ ఆటల వివరాలు, జమాఖర్చుల పట్టిక విడి కాగితంలో ఉన్నాయి. చందాలతోనే ఖర్చులు గడిచాయి, అప్పు లేదు. ఇక్కడ మాత్రం ఎక్కువ చోటు నగాష్ అనే ఒక్క బొమ్మకే ఇస్తున్నాను. ఏడాదిలో మనమందరం కలిసి కూర్చున్న ఆదివారాల్లో ఎక్కువ భాగం గడిచింది దాని చుట్టూనే.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు. నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో వార్‌హామర్ అనే యుద్ధక్రీడను తెచ్చింది. పాచికలు, అంగుళాల టేపు, మనమే అతికించి రంగులు వేసుకున్న చిన్న చిన్న సైనికులు ఉంటే చాలు, భోజనాల బల్ల యుద్ధభూమి అవుతుంది. మామూలు సైనికుడు బొటనవేలంత ఉంటాడు. ఈ ఏడాది మనం చేతిలోకి తీసుకున్న నగాష్ అలాంటివాడు కాదు. 2014లో వెలువడిన ఈ బొమ్మ జానెడుకు కాస్త తక్కువ ఎత్తు. మృతుల ప్రభువు కాబట్టి అతని పాదాలు నేలను తాకవు. సుడులు తిరిగే ప్రేతాత్మలే అతన్ని గాలిలో మోస్తుంటాయి. మన సభ్యుడొకరు చాలా ఏళ్ల కిందట కొని, ఒంటరిగా మొదలుపెట్టే ధైర్యం చాలక అటక మీద దాచిన పెట్టెను సంఘానికి ఇచ్చేశారు. వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ముందు కథ, తరవాతే కుంచె అని నేను పట్టుబట్టాను. కొందరికి అది కాలయాపనగా తోచింది. అయినా మొదటి రెండు సమావేశాలు కథకే కేటాయించాం, ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

వార్‌హామర్ పాత ప్రపంచంలో నెహెకారా అనే ఎడారి దేశం ఉంది. పిరమిడ్లు, శవాలను భద్రపరిచే పూజారులు, మరణానంతర జీవితం మీద అంతులేని నమ్మకం. అక్కడి మహానగరం కెమ్రిలో రాజుగారి పెద్దకొడుకు నగాష్. పెద్దకొడుకును పూజారుల వర్గానికి అప్పగించడం ఆ దేశపు ఆచారం. అందుకే సింహాసనం తమ్ముడికి దక్కింది, ఇతనికి సమాధుల కాపలా మిగిలింది. బందీలుగా చిక్కిన డార్క్ ఎల్ఫులు అనే క్రూర జాతివారి దగ్గర చీకటి మంత్రవిద్య నేర్చుకున్నాడు. తమ్ముణ్ణి బతికుండగానే సమాధిలో మూయించి రాజయ్యాడు. మనుషుల రక్తం నుంచి ముసలితనం రానివ్వని రసాయనం తయారుచేశాడు, నల్ల పిరమిడ్ కట్టించాడు. చివరికి ఇరుగుపొరుగు రాజులందరూ ఏకమై తరిమేస్తే ఉత్తరాన కొండల్లోకి పారిపోయి, అక్కడి నుంచే తన దేశంలోని నదిని విషపూరితం చేసి, నెహెకారాలో ప్రాణమున్న ప్రతి మనిషినీ చంపించాడు. అందరినీ శవాలుగా లేపి తన సేవకు పెట్టుకోవాలని మహాక్రతువు మొదలుపెట్టిన వేళ, చెరలో ఉన్న అల్కాడిజార్ అనే రాజును స్కావెన్ అనే ఎలుక జాతి విడిపించి, చేతికి ఒక శాపగ్రస్తమైన కత్తి ఇచ్చింది. ఆ రాజు ముందు నగాష్ చేతిని నరికాడు, తరవాత మనిషినే ముక్కలు చేశాడు. తర్వాత నగాష్ మళ్లీ లేచాడు, సిగ్మార్ అనే వీరుడి చేతిలో మళ్లీ కూలాడు. చాలా శతాబ్దాల తరవాత శిష్యుడు ఆర్కాన్ ఆ తెగిన చేతినీ, కిరీటాన్నీ, దండాన్నీ కూడగట్టి గురువును తిరిగి తెచ్చాడు. మన బొమ్మ ఆ తిరిగివచ్చిన నగాష్‌దే.

ఇది విన్న తరవాత మన సభ్యుల్లో పెద్దవారైన తెలుగు మాస్టారు ఒక మాట అన్నారు. చావు తప్పించుకోవాలని వరాలు కోరినవాడి కథ సింహాచలం నీడలో పెరిగిన మనకు కొత్త కాదు, హిరణ్యకశిపుడు కూడా ఆ లెక్కలన్నీ వేసుకున్నవాడే కదా అని. అయితే హిరణ్యకశిపుడికి కొడుకు ఎదురు నిలిచాడు, నగాష్‌కు ఎదురు చెప్పే సొంత మనిషి ఒక్కడూ మిగల్లేదు. అతని చుట్టూ తిరిగేవన్నీ అతనికి లొంగిన ఆత్మలే. ఆ మాటతో మా రంగుల ఆలోచన మారిపోయింది. అప్పటివరకు భయంకరంగా కనిపించాలనే అనుకున్నాం. ఇక మీదట ఒంటరిగా కనిపించాలి అనుకున్నాం.

అందుకే ఎముకలను తెల్లగా వేయలేదు. ముదురు గోధుమ రంగుతో మొదలుపెట్టి, పాత పుస్తకాల అంచుల్లాంటి పసుపు మీదుగా, చెంప ఎముకల దగ్గర మాత్రమే దంతపు రంగు దాకా వెళ్లాం. కవచం నల్లనిదే, కానీ పొడి కుంచెతో అంచుల మీద లీలగా నీలం అద్దాం. బంగారాన్ని కావాలనే మసకబార్చాం. రాజ్యం పోయినవాడి బంగారం మెరవకూడదని ఇంజనీరింగ్ చదువుతున్న మన సభ్యురాలు పట్టుబట్టింది, ఆమె మాటే నిలిచింది.

పనిలో తగిలిన దెబ్బను కూడా రాయాలి. జూలైలో, బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక సభ్యుడి మేడ మీద ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే తొలి పూత, స్ప్రే కొట్టాం. సముద్రపు తేమ ఎంత ఉందో చూసుకోలేదు. ఆరేసరికి బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు గరుకు పొర. సన్నని చెక్కడాలన్నీ పూడుకుపోయాయి. ఆ సాయంత్రం ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. తరవాతి ఆదివారం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షులతో ఓపికగా రుద్ది మొత్తం తీశాం. మళ్లీ స్ప్రే జోలికి పోకుండా, కుంచెతో పూసే ప్రైమర్‌ను రెండు పలుచని పూతలుగా వేశాం. వానాకాలంలో మన ఊళ్లో ఈ పని చేసేవారందరికీ ఇదే నా సలహా.

రంగులదీ అదే సంగతి. ఫ్యాను వేస్తే రంగులు కలుపుకునే పలకమీద రంగు నిమిషాల్లో గట్టిపడుతుంది, ఆపితే చెమట కారి బొమ్మ మీద పడుతుంది. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపరు పరిచి రంగు పెట్టుకుంటే గంటల తరబడి తాజాగా ఉంటుంది. ఇప్పుడు ప్రతి సభ్యుడి సంచిలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంది. దేహం, అంగీ, దండం, ఆత్మల సుడి విడివిడిగా రంగు వేసి చివరికి కలిపాం. అతికే చోట రంగును గీకెయ్యాలి, లేకపోతే జిగురు పట్టదు.

ఆత్మల నుంచి వచ్చే ఆకుపచ్చ వెలుగు అంగీ అడుగున పడినట్టు చూపించడం అన్నిటికంటే కష్టమైంది. మొదట వేసింది పాచి పట్టినట్టు ఉంది. ఒక రాత్రి ముగ్గురం ఫిషింగ్ హార్బరు దగ్గర నిలబడి పడవల దీపాలు నీళ్ల మీద ఎలా పడుతున్నాయో చూశాం. దీపం దగ్గర దాదాపు తెల్లగా, నాలుగడుగుల దూరంలో పచ్చగా, ఆపైన చీకట్లో కలిసిపోతూ ఉంది. మేము వెలుగును అంతటా ఒకేలా పూశాం, తప్పు అక్కడే ఉంది. నీళ్లలా పలుచన చేసిన రంగును పొర మీద పొరగా వేసి, మూలం దగ్గర మాత్రమే ప్రకాశం పెంచాం.

నవంబరులో ఏటికొప్పాక వెళ్లిన రోజును కూడా ప్రస్తావించాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకోవడం కళ్లారా చూశాం. మన పనికీ దానికీ పద్ధతిలో పోలిక లేదు. కానీ ఆ కళాకారుడు ఒక్కో బొమ్మను వెలుతురుకు ఎత్తి తిప్పి చూసుకునే తీరు మా అందరికీ అలవాటైంది.

చివరగా మణికట్టు. తెగిన చేయి తిరిగి అతుక్కున్నవాడు కదా, అక్కడ వెంట్రుకంత సన్నని ముదురు గీత ఒకటి గీశాం. పెట్టె మీది బొమ్మలో అది లేదు, మనం చదివిన కథ నుంచి వచ్చింది. డిసెంబరులో ప్రదర్శనకు పెట్టినప్పుడు చాలామంది ఎత్తును, వెలుగును మెచ్చుకున్నారు. గీతను గమనించినది ఒక చిన్న పిల్లవాడు. దెబ్బ తగిలిందా అని అడిగాడు. మాస్టారు పక్కన కుర్చీ వేసుకుని అతనికి కెమ్రి కథంతా చెప్పారు, వాళ్లమ్మ కూడా నిలబడి వింది.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. మొదటిది, నగాష్ చుట్టూ నిలబడే ఆర్కాన్‌నూ, ఎముకల సైనికులనూ సొంతంగా పూర్తి చేయడం. ఒక్కొక్కరు ఐదుగురు సైనికుల బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాను. రెండోది, కథ చెప్పే ఆదివారాన్ని ప్రతి రెండు నెలలకు ఒకసారి కొనసాగించడం. బొమ్మ ప్రస్తుతం మా ఇంట్లో గాజు పెట్టెలో, సిలికా జెల్ సంచుల మధ్య ఉంది. చూడాలనుకునేవారు ఏ ఆదివారమైనా రావచ్చు. వచ్చేటప్పుడు సున్నా సైజు కుంచె ఒకటి తెచ్చుకోండి, ఆత్మల వెనక వైపు ఇంకా కొంత పని మిగిలే ఉంది.

కార్యదర్శి
విశాఖపట్నం