ఎక్కడం సరే, దిగడం సంగతేంటి?

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఐదు రోజుల కొండనడక, ఇంకా పన్నెండు వారాల గడువు, పొద్దున్నే ఐదు కిలోమీటర్ల పరుగు, కొత్త బ్యాగు, కొత్త బూట్లు. అన్నీ రాశావు, సంతోషం. కానీ అంత పొడుగు ఉత్తరంలో దిగడం గురించి ఒక్క ముక్క రాయలేదేంట్రా? ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందేమో, వెనకబడిపోతానేమో అన్నదే నీ బెంగంతా. కొత్తగా కొండలెక్కేవాళ్ళందరి బెంగా అదేలే. ఆయాసం వస్తే ఆగుతావు, ఊపిరి పీల్చుకుంటావు, మళ్ళీ నడుస్తావు. మరీ కాకపోతే వెనక్కి తిరుగుతావు. దిగుడు మధ్యలో మోకాలు మొరాయిస్తే మాత్రం ఆగినా లాభం లేదు, కింద ఉన్న దూరం కిందే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరంలో సగానికి పైగా దిగడం గురించే రాస్తున్నాను, విసుక్కోకు.

కారణం కండరం పనిచేసే తీరులో ఉంది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండ కుదించుకుంటూ నిన్ను పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ, నీ బరువునీ బ్యాగు బరువునీ పడిపోకుండా ఆపుతుంది. అంటే అడుగడుగునా బ్రేకు వేస్తున్నట్టే. సాగుతూ బరువు మోసినప్పుడు కండరపు పోగులు సన్నగా దెబ్బతింటాయి. ఊపిరికి పెద్ద శ్రమ ఉండదు కాబట్టి ఆ పూట హాయిగానే ఉంటుంది. నొప్పి మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. మొదటి రోజు హుషారుగా పరుగెత్తుతూ దిగావనుకో, దాని ఫలితం రెండో రోజు, మూడో రోజు పొద్దున్న లేచి నిలబడేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి నువ్వు దారి మధ్యలో ఉంటావు. చదును నేల మీద పరుగు గుండెకీ ఊపిరికీ మంచిదే, మానకు. కానీ ఈ బ్రేకు పని అలవాటు చెయ్యడానికి అది చాలదు.

ఇందులో మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. ఒకసారి గట్టిగా దిగి ఆ నొప్పి పడ్డాక, కండరం సర్దుకుంటుంది. తర్వాత కొన్ని వారాల పాటు అంతే దిగుడు దిగినా అంత నొప్పి రాదు. అంటే ఇప్పుడు మెట్ల మీద కావాలని తెచ్చుకున్న నొప్పి, అక్కడ కొండ మీద పడాల్సిన నొప్పికి బదులు అన్నమాట.

సాధన సంగతికొద్దాం. వారానికి నాలుగు రోజులు చాలు: రెండు రోజులు కాళ్ళ బలానికి, ఒక రోజు మెట్లు, ఒక రోజు పొడుగు నడక. పరుగు ఇష్టమైతే మిగిలిన రోజుల్లో ఒకటి రెండుసార్లు పెట్టుకో.

బలానికి చేసే వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే మెట్టు దిగుడునే ఎంచుకుంటాను. 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడు. రెండో కాలు ముందుకి గాల్లో ఉండాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ, నిలబడ్డ కాలి మోకాలు వంచుతూ, గాల్లో ఉన్న మడమ నేలకి తాకీ తాకనట్టు దింపు. దాని మీద బరువు పెట్టకుండా మళ్ళీ పైకి లే. ఒక్కో కాలికి ఎనిమిది, అలా మూడు విడతలు. ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మోకాలు లోపలికి వాలిపోతుంది, లేదా రెండో వైపు తుంటి కిందికి జారిపోతుంది. అద్దం ముందు చెయ్యి, వెంటనే తెలుస్తుంది. మోకాలు కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. ఉండకపోతే పట్టుదలకి పోకుండా మెట్టు ఎత్తు 10 సెంటీమీటర్లకి తగ్గించు. దీనికి తోడు మెల్లగా గుంజీలు, వెనక్కి అడుగేసి మోకాలు వంచే లంజ్‌లు, పిక్కల కోసం మునివేళ్ళ మీద లేవడం. ఈ చివరిది మోకాలు నిటారుగా పెట్టి ఒకసారి, కాస్త వంచి ఒకసారి చెయ్యి. పిక్కలో పైకండ, లోపలి కండ వేరు వేరు. వంచి చేసినప్పుడు లోపలిదానికి ఎక్కువ పని పడుతుంది.

చుట్టుపక్కల కొండ లేదని దిగులు పడ్డావు. మేడమెట్లు ఉన్నాయి కదరా! ఒక్కో అంతస్తు సుమారు మూడు మీటర్లు అనుకో. రెండొందల అంతస్తులు ఎక్కితే 600 మీటర్లు. మొదటి వారమే అంత అక్కర్లేదు, ముప్పై అంతస్తులతో మొదలుపెట్టు. వారం వారం పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పెంచు, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించు. ఊపిరి రెండు మూడు వారాల్లోనే దారికొస్తుంది, కండని ఎముకకి కలిపే స్నాయువులు అంత తొందరగా గట్టిపడవు. ఐదో వారంలో ఒంట్లో సత్తువ పొంగుతున్నట్టుంటుంది చూడు, మడమ వెనక స్నాయువు పట్టేసేది తరచుగా అప్పుడే.

మోకాళ్ళు కాపాడుకుంటున్నామని మెట్లెక్కి లిఫ్టులో దిగేవాళ్ళు బోలెడుమంది. నీకు కావాల్సిన సాధనంతా ఆ లిఫ్టులో పోతుంది! అలాగని మొదటి రోజు నుంచే బరువుతో దిగకు. బ్యాగులో రాళ్ళూ పుస్తకాలూ కాకుండా నీళ్ళ సీసాలు పెట్టు. లీటరంటే సరిగ్గా కిలో, లెక్క సులువు. మొదటి నాలుగు వారాలు ఐదు లీటర్లతో ఎక్కి, పైన మొక్కలకి పోసేసి ఖాళీగా దిగు. ఐదో వారం నుంచి రెండు లీటర్లు ఉంచుకుని దిగు. ఎనిమిదో వారం నుంచి మొత్తం బరువుతో దిగు.

పొడుగు నడక రెండు గంటలతో మొదలై పదో వారానికి ఐదారు గంటలకి చేరాలి. ఎంత వేగం అంటావా? నడుస్తూ ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పగలగాలి. రెండు మాటలకోసారి ఆగాల్సి వస్తే నెమ్మదించు. తొమ్మిది, పది వారాల్లో మాత్రం వరసగా రెండు రోజులు నడువు, అదే బ్యాగు, అవే బూట్లు, అవే సాక్సులతో. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ పట్టీ భుజం కోస్తుందో అలిసిపోయిన రెండో రోజు కాళ్ళే చెప్తాయి. బాగా కష్టపడి దిగే సాధన ప్రయాణానికి పది, పద్నాలుగు రోజుల ముందే ముగించెయ్. ఆఖరి వారం తేలికపాటి నడకే. అప్పుడు భయమేసి ఇంకో వంద అంతస్తులు ఎక్కితే కొత్త బలం రాదు, అలసట మాత్రం వెంట వస్తుంది.

నొప్పుల్లో ఏది మామూలో ఏది కాదో కూడా తెలియాలి. రెండు తొడలూ సమానంగా, బరువుగా, తాకితే సలిపినట్టు ఉంటే ఫరవాలేదు. ఒక్క మోకాలికే, అదీ బయటి వైపు, దిగేటప్పుడే సూదిలా పొడుస్తుంటే ఓర్చుకుని నడవకు. నడిచేకొద్దీ అది ముదురుతుంది. వారం పాటు దిగడం ఆపు, తుంటి పక్క కండలకి పని చెప్పు. వాపు వచ్చినా, కీలు బిగుసుకుపోయినా వైద్యుడి దగ్గరికే.

ఇక కొండ మీద దిగే పద్ధతి. అడుగులు చిన్నవి వెయ్యి. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉండాలి. నిటారు కాలితో దిగితే ఆ అదురు తిన్నగా కీలుకి తగులుతుంది. ఏటవాలు చూసి భయంతో వెనక్కి వాలడం సహజం. అలా వాలగానే బరువు మడమ మీదికి పోయి, మడమ జారి, కూలబడతావు. బరువు పాదాల మీదే ఉండాలి, అరికాలు మొత్తం నేలకి ఆనాలి. గట్టి బండ మీద పలచగా పరుచుకున్న గులకరాళ్ళు, తడిసిన చెట్ల వేర్లు, ఈ రెండూ మహా మోసకారివి. వేరు మీద కాలు పెట్టకుండా దాటి వెయ్యి. ఎత్తు బండ మీంచి దూకొద్దు, కూర్చుని దిగినా నామోషీ ఏం లేదు. 1865 జులై 14న ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరం మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు చనిపోయింది దిగేటప్పుడే. ఒకరు జారారు, మిగతావాళ్ళని లాగేశారు, తాడు తెగింది. మనది తాళ్ళతో పనిలేని దారే అయినా, అలిసిన కాళ్ళూ, పని అయిపోయిందన్న ధీమా అక్కడా ఇక్కడా ఒకటే.

చేతికర్రలు రెండు తీసుకో, ఒకటి చాలదు. చదును మీద పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించు, దిగేటప్పుడు అంతే పెంచు. చెయ్యి పట్టీలోకి కింది నుంచి పైకి పోనిచ్చి, పట్టీతో సహా పిడి పట్టుకుంటే బరువు మణికట్టు మోస్తుంది, వేళ్ళు బిగించక్కర్లేదు. కర్ర ముందు, కాలు తర్వాత. రాళ్ళ సందుల్లో నడిచేచోట మాత్రం చేతులు పట్టీల్లోంచి తీసెయ్. కర్ర ఇరుక్కుంటే మణికట్టు కూడా దాంతోపాటే ఉండిపోతుంది. తిప్పి బిగించే రకమైతే పొద్దున్నే గట్టిగా నొక్కి చూసుకో, సగం దారిలో లోపలికి జారిపోయేవి ఎక్కువగా ఆ రకమే.

బూట్ల పరీక్ష కూడా దిగుడుతోనే. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కొండకి వేసుకునే సాక్సులతోనే తొడుగు. పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసులు బిగించి మెట్లు గబగబా దిగు. వేళ్ళు ముందు గోడకి తగిలితే ఆ జత నీది కాదు. గోళ్ళు నల్లబడి ఊడిపోయేది ఈ తాకిడికే. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు గోళ్ళు తిన్నగా, పొట్టిగా కత్తిరించుకో. దిగుడు మొదలయ్యేచోట ఆగి లేసులు మళ్ళీ కట్టుకో: వేళ్ళ దగ్గర వదులు, చీలమండ వంపు దగ్గర బిగువు. మడమ వెనక్కి ఆనుకుని ఉంటే పాదం ముందుకి జారదు.

అన్నట్టు, పాత బూట్లు అటక మీద ఉన్నాయి, అవసరమైతే అవి వేసుకుంటానన్నావు. ఆ పని చెయ్యకు. చాలా బూట్లలో మెత్తటి మధ్య అడుగు పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలో తేమకి అది ఏళ్ళ తరబడి లోలోపలే కుళ్ళుతుంది, వాడకుండా దాచినవాటిలో మరీను. పైకి కొత్తవాటిలాగే ఉండి, నడక మొదలైన కొన్ని గంటల్లో అడుగు ఊడి చేతికొస్తుంది. అడుగు పక్కన బొటనవేలితో నొక్కి చూడు. పగుళ్ళున్నా, పొడి రాలినా పారెయ్యడమే.

బొబ్బల గురించి ఒక్క మాట: పాదంలో ఎక్కడైనా వేడిగా చురుక్కుమంటే అక్కడికక్కడే ఆగి, తుడిచి, మూలలు గుండ్రంగా కత్తిరించిన టేపు ముడత లేకుండా అంటించు. వచ్చే మజిలీలో చూద్దాంలే అనుకుంటే అప్పటికి బొబ్బ వచ్చేసి ఉంటుంది. నూలు సాక్సులు వద్దు, తడి వదలవు. ఉన్నివో సింథటిక్‌వో తీసుకో.

బ్యాగు బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. నువ్వు 70 కిలోలు కదా, నీళ్ళతో కలిపి 14 కిలోలు. ముందు నడుం పట్టీ తుంటి ఎముక మీద కూర్చునేలా బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగు. వరస తిరగబడితే బరువంతా భుజాల మీద పడుతుంది. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలి. వెలుపలి జేబులో పెడితే ప్రతి దిగుడు అడుక్కీ బ్యాగు ఊగి నిన్ను లాగుతుంది.

రోజుకి ఎంతసేపు పడుతుందని అడిగావు. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే నాలుగున్నర గంటలు. అందులో ఆగడాలు లేవు, దిగుడూ లేదు. తర్వాత వచ్చిన సవరణ ప్రకారం వాలు మెల్లగా ఉంటే ప్రతి 300 మీటర్ల దిగుడుకి పది నిమిషాలు తగ్గించాలి, బాగా ఏటవాలైతే పది నిమిషాలు కలపాలి. ఏటవాలు దిగుడు టైము మిగల్చదు, తింటుంది, చూశావా! నీ బరువుకి, నీ అలవాటుకి ఆ మొత్తం మీద ఇంకో మూడో వంతు వేసుకో. చీకటి పడడానికి రెండు గంటల ముందే కిందుండేలా వెనక్కి తిరిగే టైము పొద్దున్నే నిర్ణయించుకో. తలకి పెట్టుకునే లైటు ఎలాగూ ఉండాల్సిందే.

మిగతావి చకచకా చెప్పేస్తా. గంటకి అర లీటరు చొప్పున నీళ్ళు, దాహాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే అతిగా తాగడం కూడా ప్రమాదమే. ఆకలయ్యేదాకా ఆగకుండా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో, మధ్యాహ్నం తినకపోతే దిగుడులో కాళ్ళు తడబడతాయి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది, పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేరుగా ఉంచు. దారి 3000 మీటర్లు దాటితే, రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. తలనొప్పితో పాటు వికారం ఉంటే పైకి వెళ్ళకు, తగ్గకపోతే దిగిపో.

నీ దారిలో ఏ రోజు ఎన్ని మీటర్లు ఎక్కాలో, ఎన్ని మీటర్లు దిగాలో రెండూ విడివిడిగా రాసి పంపు. దూరాలు తర్వాత పంపినా ఫరవాలేదు. అన్నిటికన్నా ఎక్కువ దిగుడున్న రోజుని పట్టుకుని, ఏ వారం ఎన్ని అంతస్తులో లెక్కకట్టి రాస్తాను. ఈలోగా ఆ కొత్త బూట్లు వేసుకుని ఇంట్లో మెట్లే దిగి చూడు, బయట మట్టిలోకి వెళ్ళకు. వేళ్ళు తగిలితే మార్చుకోవడానికి అడుగులు శుభ్రంగా ఉండాలి.

నీ
మిత్రుడు