సీటు ముందు చెరువు ఎండిపోయింది, అందరికీ కృతజ్ఞతలు

మొన్న రాత్రంతా కురిసిన వాన పొద్దున ఎనిమిదింటికి తెరిపి ఇచ్చింది. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్లి కారు తలుపు తీశాను. లోపల నాలుగు మూలలా పరిచిన టిష్యూ కాగితాలు రాత్రి ఎలా పెట్టానో అలాగే ఉన్నాయి. పొడిగా, ఒక్క ముడత లేకుండా. ఏడు నెలల్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాలుగు అన్నాను గానీ ఎక్కువే అయ్యేలా ఉన్నాయి.

నాది రెండే సీట్లు, గుడ్డ పైకప్పు ఉన్న స్పోర్ట్స్ కారు. కొత్తది కాదు, నాకంటే ముందు రెండు చేతులు మారింది. కొన్న రోజున గుర్రం దొరికిందనుకున్నాను. నాలుగు వానలు పడ్డాక తెలిసింది, దొరికింది తొట్టి అని. డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిసేది. పైపైన తుడిస్తే ఆరినట్టే ఉండేది. మడమతో గట్టిగా అదిమితే మాత్రం బుడబుడమంటూ నీళ్లు పైకి వచ్చేవి. కార్పెట్ కింద ఉండే మందపాటి ఫోమ్ లీటర్ల కొద్దీ నీళ్లు తాగి కూర్చుంటుందని అప్పటికి నాకు తెలియదు. పొద్దున చూస్తే అద్దాలన్నిటికీ లోపలివైపు ఆవిరి. తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన.

నీళ్లు ముందు కనబడుతున్నాయి కాబట్టి ముందునుంచే దిగుతున్నాయని తీర్మానించుకున్నాను. ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశాను. ఆగలేదు. మళ్లీ పూశాను. మూడో ట్యూబు అయ్యేసరికి అద్దం అంచుల వెంట పాము కుబుసంలా తెల్లటి పొరలు లేచాయి. ఒక వర్క్‌షాపులో రెండుసార్లు చూపించాను. పేరెందుకు గానీ, వాళ్లు చేసిందీ నేను చేసిన పనే. కాకపోతే నల్లరంగు సిలికాన్‌తో, కాస్త అందంగా చేశారు.

నా అవస్థ చూడలేక ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి "ఒకసారి మా నాన్నగారికి చూపించండి" అంది. ఆయన ముప్పయ్యేళ్లకు పైగా టింకరింగ్ పనిలో ఉండి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మనిషి. పేరు రాయవద్దని ఆయనే అన్నారు కనుక, నేను పిలిచినట్టే బాబాయిగారు అంటాను.

బాబాయిగారు వచ్చి బానెట్ ఎత్తలేదు, అద్దం వైపు చూడనైనా చూడలేదు. "రోజూ బండి ఎటు వాలుగా నిలబెడతావు?" అని అడిగారు. ఇంటి ముందు ఏటవాలు ఉంది, ముక్కు కిందికి ఉండేలా పెడతానని చెప్పాను. ఆయన సీటు ముందుకు జరిపి, దాని వెనక కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టారు. అదే గోనెసంచి వాసన. "నీళ్లు ఇక్కడ దిగి, వాలు చూసుకుని ముందుకు నడుస్తున్నాయి బాబూ. నువ్వేమో అవి ఆగిన చోట కాపలా కాస్తున్నావు" అన్నారు.

గుడ్డ పైకప్పు మీద పడిన వాన వెనక అంచునున్న గాడిలోకి జారుతుంది. ఆ గాడికి రెండు మూలలా రెండు రంధ్రాలు, వాటినుంచి బండి కిందికి దిగే రెండు గొట్టాలు. అంటే ఈ బండి లోపలినుంచి నీళ్లు ప్రయాణించడం తయారుచేసినవాళ్లు అనుకున్న సంగతే. గొట్టం మూసుకుపోతే మాత్రం గాడి నిండి, పొంగి, సీట్ల వెనక్కి దిగుతుంది. ఇదంతా ఆయన టార్చి వేసి చూపిస్తూ చెప్పారు. నేను హుషారుగా టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ తెచ్చాను. చెయ్యి పట్టి ఆపారు. గట్టిగా గాలి కొడితే లోపలెక్కడో గొట్టం అతుకు ఊడుతుందట, ఆపైన నీళ్లన్నీ నేరుగా బండిలోకే. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగ ఒక మూర తీసుకుని, దాని కొసను అగ్గిపుల్లతో కాల్చి గుండ్రంగా చేసి, నెమ్మదిగా తిప్పుతూ రంధ్రంలోకి దించారు.

బయటికి వచ్చినదాన్ని ఫొటో తీసి దాచుకున్నాను. బొటనవేలంత నల్లటి ముద్ద. కుళ్లిన ఆకులు, దుమ్ము, ఒక బీరువా తాళంచెవి, వాటి నడుమ ఏదో విత్తనం మొలకెత్తి వేసిన రెండు లేత ఆకులు. నా కారులో పచ్చగా ఉన్నది అదొక్కటే. తర్వాత చెంబుతో నీళ్లు పోస్తే గుటకలు వేసినట్టు శబ్దం చేసి, వెనక చక్రం దగ్గర ధారగా కిందపడ్డాయి. ఆ శబ్దం కోసం మరో నాలుగు చెంబులు అనవసరంగా పోశాను.

పని అయిపోయిందనుకున్నాను. "ఒక దొంగ దొరికితే ఇంట్లో ఒక్కడే ఉన్నాడనుకుంటామా?" అని ఆయన ఇంకో ఆదివారం అడిగారు. ఈలోగా నా చేత నా సిలికాన్ మొత్తం గీకించారు. వెనిగర్ వాసన వేసే ఆ రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రంగు లేచిన చోట రేకుకు తుప్పు పట్టిస్తుంది. పైగా అసలు దారి కనబడకుండా కప్పేస్తుంది. ప్లాస్టిక్ గరిటె పట్టుకుని రోజంతా నన్ను నేనే తిట్టుకుంటూ ఆ పని చేశాను.

ఆ ఆదివారం మా పక్కింటి పదోతరగతి అబ్బాయి రంగంలోకి దిగాడు. మాలో ఆ సీటు కిందికి తల దూర్చగలిగినవాడు వాడొక్కడే. గుమ్మాల వెంట, నేల మీద టాల్కం పౌడరు చల్లి, టార్చి ఇచ్చి వాణ్ణి లోపల కూర్చోబెట్టి తలుపులు మూశాం. బాబాయిగారు నీళ్ల పైపు కొసకు ఏ నాజిలూ పెట్టకుండా, సన్నటి ధారతో అడుగునుంచి మొదలుపెట్టారు. ఒక్కో చోట ఐదేసి నిమిషాలు, ఆ తర్వాతే జానెడు పైకి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది కారుతోందో తేలదు. నాకైతే ఓపిక నశించింది. తలుపు అద్దం కింది అంచుకు చేరేసరికి లోపలినుంచి కేక: "అంకుల్, పౌడర్లో గీత పడింది!"

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. తలుపు లోపలికి నీళ్లు పోవడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాలగుండా బయటికి పోతాయి. అవి క్యాబిన్‌లోకి రాకుండా తలుపు లోపలివైపు బిగించే పలక, అంటే డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మా బండిలో ఆ పొర కింది మూల ఊడి వేలాడుతోంది. ఊడదీసింది ఎవరయ్యా అంటే నేనే, కిందటేడాది స్పీకరు మార్చినప్పుడు. బాబాయిగారు ఏమీ అనలేదు. ఆ పొర తిరిగి అంటించే బ్యూటైల్ టేపు, జిగురు రబ్బరు చుట్ట, నా చేతిలో పెట్టి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

మూడోది డిక్కీలో. వెనక లైటు రబ్బరు గాస్కెట్ గట్టిపడి చిట్లింది. దీన్ని పట్టుకున్నది కార్ల వైరింగ్ పని చేసే అక్క. లైటు కనెక్టరు మీద పచ్చటి చిలుము చూసి, దాని కింద కాగితం మడిచిపెట్టి, నీళ్లు కొట్టించి, నిమిషంలో తేల్చారు. కొత్త గాస్కెట్ వేశాం, అంతే. సీట్లు విప్పేముందు బ్యాటరీ తీసేసి కొన్ని నిమిషాలు ఆగమని, కిందనున్న పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవని హెచ్చరించిందీ ఆవిడే. ఆ మాట చెప్పకపోతే నేను పాన పట్టుకుని తిన్నగా దూరేవాణ్ణే.

సీట్లు, కార్పెట్, ఫోమ్ బయటికి తీసి ఆరబెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నేల రేకు మీద అరచెయ్యంత తుప్పు. గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేశాను.

అన్నీ బిగించిన వారానికి, చుక్క వాన లేని మండుటెండలో, అదే చోట మళ్లీ తడి! ఏడుపు గొంతుతో అక్కకు ఫోను చేశాను. "ఏసీ వేశావా? నీళ్లు వేలికి జిగటగా ఉన్నాయా, తియ్యటి వాసన ఉందా?" అని అడిగారు. ఏసీ వేశాను, జిగటా లేదు, వాసనా లేదు. "అయితే కారేది హీటర్లో తిరిగే కూలెంట్ ద్రవం కాదు, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుంది" అన్నారు. నైలాన్ తీగ ఎలాగూ నా దగ్గరే ఉంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఈసారి ఎవరి సాయమూ లేకుండా చేశానని ఇక్కడ రాసుకోకుండా ఉండలేకపోతున్నాను.

బాబాయిగారూ, మీరు ఇచ్చిన రెండు ఆదివారాలకు, అనకుండా ఊరుకున్న ఆ ఒక్క మాటకు నమస్కారాలు. అక్కా, ఫోను ఎత్తినందుకు, ఎత్తాక నవ్వనందుకు థాంక్స్. నాన్నగారి దగ్గరికి పంపిన నా పక్క సీటు అమ్మాయికీ అంతే. పక్కింటి హీరోకి మొదటి షికారు బాకీ ఉన్నాను, వాళ్లమ్మగారు నిన్ననే సరేనన్నారు. తాళంచెవి ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు. ఈ బండి మునుపు నడిపినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ బీరువా తాళం నా దగ్గర భద్రంగా ఉంది.

మరొకటి, బాబాయిగారూ: మీ టార్చి మా బండిలోనే ఉండిపోయింది. ఆదివారం తెచ్చిస్తాను.