రామాలో ఎవరూ కనిపించలేదన్నావు

చిట్టితల్లీ,

ఆర్థర్ క్లార్క్ నవల ‘రాండెవూ విత్ రామా’ ముగించాక ఒళ్లు మండిందని రాశావు. 2131లో గొట్టంలాంటి ‘రామా’ అనే అంత పెద్ద గ్రహాంతర అంతరిక్ష నౌక వచ్చి, మనుషులు లోపలంతా తిరిగి చూసినా, కట్టినవాళ్లు ఒక్కరూ ఎదురుపడలేదని నీ కోపం. నాకు మాత్రం వాళ్లు అడుగడుగునా కనిపిస్తారు.

నౌక లోపల చుట్టూ తిరిగిన ఆ సముద్రాన్నే తీసుకో. నౌక ఒక కొసను ఉత్తరం, రెండోదాన్ని దక్షిణం అనుకుంటే, సముద్రానికి ఉత్తరాన గట్టు 50 మీటర్లు, దక్షిణాన 500 మీటర్లు. ఎందుకంత తేడా? నౌక ఉత్తరం వైపు వేగం పుంజుకున్నప్పుడు నీళ్లు దక్షిణానికి ఎగదన్నుతాయి. అవి పొర్లిపోకుండా ఆ గట్టు కట్టారు. అంటే నౌకకు కదిలే శక్తి ఉందని, ఎంత జోరుగా వేగం పుంజుకోగలదో కూడా ఆ గట్టే చెప్పేసింది. ఇంత ముందుచూపు ఉన్నవాళ్ల ముఖం చూడకపోయినా, బుద్ధి చూశాం కదా!

కాగితం తీసి ఒక లెక్క వెయ్యి. నౌక తన నడిమి గీత, అంటే అక్షం చుట్టూ తిరుగుతుంది. అక్షం నుంచి లోపలి గోడే నేల, దానికి 8 కిలోమీటర్లు, 4 నిమిషాలకు ఒక చుట్టు. ఆ తిరుగుడు వల్ల నేల మీద భూమి మీది బరువులో సగం కంటే కాస్త ఎక్కువ వస్తుంది. అక్షం దగ్గర బరువే లేదు, మెట్లు దిగేకొద్దీ ఒంటికి తెలిసివస్తుంది. ఆ దిగడాన్ని క్లార్క్ ఎంత ఓపికగా రాశారో మళ్లీ చదువు. లోపలికి వెళ్లిన బృందానికి నాయకుడైన నార్టన్ మనసులోకి ఆయన అంత లోతుగా వెళ్లలేదు, ఆ లోటు నిజమే.

బుధగ్రహం మీద స్థిరపడ్డ మనుషులు భయపడి రామా మీదికి అణుబాంబు పంపడం, నార్టన్ బృందంలోని రోడ్రిగో వెళ్లి దాని తీగలు కత్తిరించడం నీకు నచ్చాయన్నావు. నాకూ నచ్చాయి. కానీ ఆ సాహసాన్ని రామా గమనించను కూడా లేదు. మనల్ని పట్టించుకోకుండా సూర్యుడి నుంచి తనకు కావలసింది తీసుకుని వెళ్లిపోయింది. 1973లో వచ్చిన ఈ నవలలో నేను అన్నిటికన్నా ఇష్టపడేది అదే.

2017 అక్టోబరులో హవాయిలోని టెలిస్కోపుకు ‘ఔమువామువా’ చిక్కినప్పుడు నాకు రామాయే గుర్తొచ్చింది. సౌరకుటుంబం బయటి నుంచి వచ్చినట్టు మనం గుర్తించిన మొదటి వస్తువు అది. కంటపడేసరికే సూర్యుణ్ణి చుట్టి వెళ్లిపోతోంది. అది ప్రకృతి సిద్ధమైనదనే ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంటున్నారు, నేనూ అదే నమ్ముతున్నాను. అయినా నాలుగు రోజులు నిద్ర పట్టలేదు.

సెలవులకు వచ్చేటప్పుడు పుస్తకం తీసుకురా. రామా లోపల మనుషులు ‘లండన్’ అని పేరు పెట్టుకున్న కట్టడాల గుంపులో గోడ కోసి చూస్తే గాజు స్తంభాల్లో వస్తువుల రూపాలు కనిపిస్తాయి కదా, అవి ఎవరి కోసమో, ఎందుకో నీ ఊహ చెప్పు. వాదించుకుందాం.

ప్రేమతో,
నాన్న