మార్చి నుంచి మే దాకా మా దగ్గర 185/65 ఆర్15 సైజు టైర్లు వేయించుకున్నవాళ్లకు

మూసాపేటలో మా షాపుకు ఏళ్లుగా వస్తున్న అన్నలకు, అక్కలకు,

ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పడం నయం. మీలో కొందరికి కొత్తవని చెప్పి పాత టైర్లు అమ్మాను. తెలిసి చేయలేదు. కానీ బిల్లు మీద ఉన్నది నా షాపు పేరే.

ఏప్రిల్‌లో నాలుగు టైర్లూ మార్పించుకున్న ఒక క్యాబ్ డ్రైవర్ తమ్ముడికి ఔటర్ మీద, శంషాబాద్ దగ్గర పంచరైంది. స్టెప్నీ వేస్తూ, విప్పిన టైర్ లోపలి పక్క చూశాడు. నేరుగా షాపుకొచ్చి, "అన్నా, కొత్త టైర్లన్నవ్ గదా, దీని మీద 3820 అని ఉందేంది?" అన్నాడు. నలుగురు కస్టమర్ల ముందు.

టైర్ మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3820 అంటే 2020 సెప్టెంబర్‌లో తయారైంది. చాలా టైర్లకు ఇది ఒక పక్కనే ఉంటుంది. ఆ పక్క లోపలికి పోయేలా బిగిస్తే బండి లేపితే తప్ప కనబడదు. మావాళ్లు అలాగే బిగించారు. సరుకు దింపుకున్నప్పుడు సైజు చూశాను, రేటు చూశాను. చూడాల్సింది చూడలేదు.

పదహారేళ్లుగా సరుకిస్తున్న డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే, "గోడౌన్‌లో ఉన్న టైర్‌కు వయసేంటండీ" అన్నాడు. ఈ ఏడాది స్టాక్ అని నాకు అంటగట్టినవాడు! అతని మాటలో సగం నిజముంది, అదే నాకు మంట. నీడలో, చల్లగా ఉంచిన టైర్ రోడ్డు మీదదానికంటే నెమ్మదిగా పాతబడుతుంది. కానీ పాతబడుతుంది. పగుళ్లు రాకుండా రబ్బరులో కలిపే మైనం, టైర్ తిరుగుతూ నలుగుతుంటేనే పైకి బాగా వస్తుంది. ఇవి కదలకుండా పడున్నాయి, అదీ రేకుల షెడ్డులో, నాలుగు హైదరాబాద్ ఎండాకాలాలు. రేపే పేలిపోతాయని మిమ్మల్ని భయపెట్టను. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమని, ఎంత బాగున్నా పదేళ్లకు తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. అందులో నాలుగున్నరేళ్లు మీ చేతికి రాకముందే అయిపోయాయి. డబ్బు మాత్రం మొత్తం తీసుకున్నాను.

అడగడానికొచ్చినతనికి మార్చేసి ఊరుకోవాలా, అందరికీ చెప్పాలా? మూడు రాత్రులు నిద్ర లేదు. "అడిగినోళ్లకు మారుద్దాం సార్" అన్నాడు మా ఫిట్టర్. లెక్క చూస్తే వాడిదే రైటు. ఇదే చోట నాన్న ఒక నీళ్ల తొట్టి, గాలి పంపు పెట్టుకుని పంచర్లు వేసేవాడు. ట్యూబ్‌లోంచి తీసిన మేకు కస్టమర్ చేతిలో పెట్టాకే డబ్బు తీసుకునేవాడు. నాలుగో రోజు పొద్దున బిల్లు పుస్తకం ముందేసుకుని ఫోన్లు మొదలుపెట్టాను.

ఆ సైజు వేయించుకున్నవి 11 కార్లు. ఎనిమిది వచ్చాయి, అయిదింటికి పాతవే ఉన్నాయి. వేరే చోట కొత్తవి కొనుక్కొచ్చి పైసా తీసుకోకుండా మార్చాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా నాదే. క్రెడిట్ నోట్, అంటే ఆ డబ్బు నా లెక్కలో తిరిగి జమ చేసే కాగితం, వచ్చేదాకా ఆగమని డిస్ట్రిబ్యూటర్ కబురు పెట్టాడు. ఆగను. ఇక అతని దగ్గర కొనను కూడా. విప్పిన ఇరవై టైర్లు వెనకాల పేర్చి ఉన్నాయి. సగం రేటుకు అడిగినవాళ్లున్నారు, ఇవ్వలేదు.

ఇకపై ఆ నాలుగంకెలు మీకు చూపించాకే టైర్ రిమ్ము ఎక్కుతుంది, బిల్లులో కూడా రాస్తాం. వీలైన చోట అంకెలు బయటికే పెడతాం. కొన్ని టైర్లకు లోపలి పక్క ఏదో, బయటి పక్క ఏదో కంపెనీయే రాసి ఇస్తుంది. వాటిని తిప్పి బిగించకూడదు, దయచేసి పట్టుబట్టకండి.

ఇంకా మూడు కార్లు రావాలి. తెల్ల డిజైర్ మాస్టారూ, వారం నుంచి మీ నంబరుకు వస్తున్న ఫోన్ లోన్ వాళ్లది కాదు, నాదే. ఎత్తండి.