నిలిపివేత వార్తకూ మొదటి పేజీ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

2025 జనవరి 20న ట్రంప్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజే సంతకం చేసిన ఉత్తర్వుల్లో ఒకటి, తల్లిదండ్రులు తాత్కాలిక వీసాల మీద ఉంటే, అమెరికాలో పుట్టిన బిడ్డకు పుట్టుకతో వచ్చే పౌరసత్వం ఇక రాదన్నది. మా ఇంటికి వచ్చే పేపరులో అది మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పడింది. మా చెల్లెలు ఆ ముక్క కత్తిరించి దేవుడి గూట్లో పెట్టింది. డల్లాస్‌లో ఉన్న దాని కూతురికి మార్చి 14న కాన్పు అని చెప్పారు. అల్లుడిది ఉద్యోగం కోసం తాత్కాలికంగా ఇచ్చే హెచ్-1బి వీసా. "అక్కా, ఫిబ్రవరి 19 లోపు ఆపరేషన్ చేయించేయమంటున్నారు, నువ్వే దానికి చెప్పు" అని నా చేతులు పట్టుకుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేశాను. ఫిబ్రవరి 19కి ఆ పిల్లకు 37 వారాలు నిండవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరి అందక పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం నేను చూశాను. రొమ్ము పట్టే బలం లేక, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తే సగం పెదవి అంచునుంచే జారిపోతాయి. తల్లికో బిడ్డకో ప్రాణం మీదికి వస్తే ముందే తీయవలసిందే. తేదీ కోసం తీస్తారా?

ఆ ఉత్తర్వు వెలువడిన 30 రోజుల తర్వాత, అంటే ఫిబ్రవరి 19 నుంచి, పుట్టే పిల్లలకే వర్తిస్తుంది. తండ్రికి గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) ఉంటే వర్తించదు. ఈ రెండు మాటలు ఎవరూ వివరంగా చెప్పకపోవడంతో, మూడేళ్ళ మనవడి పౌరసత్వం పోతుందని మా వీధిలో ఒక అమ్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ హక్కు అధ్యక్షుడు ఇచ్చింది కాదు. బానిసత్వం రద్దయ్యాక 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది.

జనవరి 23నే సియాటిల్ ఫెడరల్ కోర్టు ఉత్తర్వును తాత్కాలికంగా ఆపింది. ఫిబ్రవరి 5న మేరీలాండ్ కోర్టు, 6న మళ్ళీ సియాటిల్ కోర్టు దేశమంతటా అమలు నిలిపివేశాయి. ఇది మా పేపరులో లోపలి పేజీలో, అడుగున, నాలుగు వాక్యాల్లో వచ్చింది. మా చెల్లెలు చూడనే లేదు. నేను చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివింది.

సరిహద్దు గీతలూ తేదీలూ మారితే మనం ఎక్కడివాళ్ళం అవుతామన్న దిగులు మా పర్లాకిమిడికి పాతదే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి గారు వెళ్ళిపోయారు, మా తాతగారు ఉండిపోయారు. అందుకే ఇక్కడి తెలుగువాళ్ళు పేపరులో అచ్చయిన తేదీని తేలిగ్గా తీసుకోరు.

అమెరికా ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. ఫిబ్రవరి 19 ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ ఉదయం నిలిపివేత అమల్లో ఉందో లేదో, ఉత్తర్వు ఎవరికి వర్తిస్తుందో, మొదటి పేజీలోనే వేయండి. పాతపట్నం మీదుగా పేపరు తెచ్చే బస్సు కోసం మా చెల్లెలు ఆ రోజు చీకటితోనే వెళ్ళి నిలబడుతుంది.

ఒక విశ్రాంత నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
2025 ఫిబ్రవరి 15