వార్షిక నివేదిక: తక్కువ ధర .22 పిస్టళ్లతో మన ఏడాది సాధన

మన షూటింగ్ క్లబ్ సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో మీకు విడిగా అందింది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ ఏడాది మన పని చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగింది కాబట్టి ఈ పేజీలు దానికే కేటాయించాను: ఎక్కువ ఖర్చు పెట్టలేని సభ్యులు సాధన కోసం కొనుక్కున్న .22 రిమ్‌ఫైర్ పిస్టళ్లు, వాటితో వాళ్లు పడ్డ పాట్లు.

దీనికి మూలం పోయినసారి సర్వసభ్య సమావేశంలో జరిగిన వాదన. "చవక పిస్టల్ కొంటే జామ్‌లు తీసుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది" అని కొందరు, "నాది ఇంతవరకు ఒక్కసారి ఆగితే ఒట్టు" అని మరికొందరు. మాటలతో తేలేది కాదని, ఫైరింగ్ లైన్ చివర బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టాం. పిస్టల్ ఆగిన ప్రతిసారీ ఏ పిస్టల్, ఏ తూటా, ఏ మ్యాగజైన్, చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు అన్నది రాయాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు. ఒకాయన చివరి గడిలో వరసగా ఆరుసార్లు "గుర్తులేదు" అని రాశారు. అదీ ఒక సమాచారమేనని తర్వాత అర్థమైంది.

నోట్‌బుక్కు నిండేసరికి ఒక్కటి తేలింది. పిస్టల్ మీద వేసిన నిందల్లో చాలావాటికి అసలు ముద్దాయి తూటా.

రిమ్‌ఫైర్ తూటాకు మధ్యలో విడిగా ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న బిళ్ల) ఉండదు. అడుగున ఉన్న అంచు లోపల మందు ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే మందు అంటుకుంటుంది. అది చుట్టూ సమంగా పరుచుకోకపోతే, పిన్ కొట్టిన చోట మందు లేక "టక్" మని శబ్దం వచ్చి ఊరుకుంటుంది. 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటా ఇప్పటికీ ఇలాగే పనిచేస్తోంది. ఎంత ఖరీదైన పిస్టల్‌లో పెట్టినా దాని స్వభావం మారదు.

ఒక శనివారం ఒక సభ్యుడు పేలని తూటాలు గుప్పెడు తెచ్చి బల్ల మీద పోశారు. పిస్టల్ అమ్మేద్దామనే నిర్ణయంతోనే వచ్చారు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి అంచు మీదా నొక్కు లోతుగా, స్పష్టంగా ఉంది. అంటే పిన్ తన పని తాను చేసింది, తప్పు ఆ పెట్టెలోని తూటాలది. నొక్కు పైపైన గీసినట్టుంటే అప్పుడు పిస్టల్‌ను అనుమానించాలి: పిన్ దారిలో మడ్డి, అలసిపోయిన స్ప్రింగు, లేదా తూటా పూర్తిగా లోపలికి కూర్చోకపోవడం. వేరే రకం తూటాలు పెట్టాక ఆయన అమ్మే మాట ఎత్తలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. "టక్" మనగానే స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కి వెళ్లి వచ్చే పిస్టల్ భాగం) లాగేయకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలడం అరుదే కానీ అసాధ్యం కాదు. శబ్దం పేలవంగా వచ్చినా అక్కడితో ఆపాలి. పిస్టల్ ఖాళీ చేసి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూడకుండా ఇంకోటి పేల్చకూడదు. ఈ రెండింటిలో రేంజ్ ఆఫీసర్ ఎవరికీ మినహాయింపు ఇవ్వరు, నాతో సహా.

రెండో పాఠం వేగానికి సంబంధించింది. స్టాండర్డ్ తూటా సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో వెళుతుంది. హై వెలాసిటీ రకాలు 1,200 అడుగులు దాటతాయి. తేలికపాటి పిస్టళ్లలో కొన్నింటికి స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే ఆ రెండో రకం ఊపే కావాలి. మన సభ్యురాలు ఒకరు మెత్తగా పేలుతుందని మ్యాచ్ తూటాలు (పోటీల కోసం చేసే రకం) కొన్నారు. ఖాళీ కేసు (పేలాక మిగిలే తూటా తొడుగు) బయటపడకుండా స్లైడ్ మధ్యలో పొగగొట్టంలా నిలబడిపోయేది. తూటా మార్చాక ఆ బాధ పోయింది, కాకపోతే పేపర్ మీద గ్రూపు, అంటే గుండ్లు పడే గుంపు, కాస్త విచ్చుకుంది. రెండూ కావాలంటే నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా కొని మీ పిస్టల్‌కు ఏది పడుతుందో చూసుకోవడమే. పక్కవాళ్ల పిస్టల్‌కు పడింది మీదానికి పడాలని లేదు.

మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో అంకెలు వేయండి. ఒకరి జామ్‌లన్నీ 2వ నంబరు మ్యాగజైన్‌తోనే వచ్చాయని నోట్‌బుక్కు చూస్తే గానీ తెలియలేదు, దాని పెదవి (తూటాను పైన పట్టి ఉంచే అంచు) ఒకటి వంగి ఉంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకోకుండా చూసుకోండి.

శుభ్రం చేయడం మీద పెట్టిన శిక్షణకు అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. .22 గుండుకు పూసిన మైనం, మసి కలిసి ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద గట్టి పొరలా పేరుకుంటాయి. అక్కడా, తూటా కూర్చునే ఛాంబర్‌లోనూ పళ్లు తోమే బ్రష్‌తో రుద్దితే సగం రోగాలు నయమవుతాయి. గొట్టాన్ని అతిగా రుద్దాల్సిన పని లేదు. విప్పిన పాత పిస్టల్ ఒకటి తిరిగి బిగించడానికి ముగ్గురం కలిసి మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాం. 2016లో వచ్చిన రూగర్ మార్క్ 4లో వెనక ఒక్క బటన్ నొక్కితే పై భాగం లేచి వస్తుంది. అది ఉన్నాయన మమ్మల్ని చూసి నవ్వుతూనే కూర్చున్నారు.

ఏది కొనాలని అడిగేవాళ్లకు కమిటీ ఒక పేరు చెప్పదు. నా సొంత అభిప్రాయం మాత్రం ఇది: కాగితం మీద గురి నేర్చుకోవడానికి బరువు మేలు. రూగర్ మార్క్ 4 టార్గెట్, బ్రౌనింగ్ బక్ మార్క్ లాంటివి ఇంచుమించు కిలో తూగుతాయి, చేతిలో కుదురుగా ఉంటాయి. టారస్ టీఎక్స్22, గ్లాక్ 44 అందులో సగం బరువే. సులువుగా మోయొచ్చు, కానీ వణుకు దాగదు. జామ్ మాటే వద్దనుకునేవాళ్లకు రివాల్వర్ ఉంది. మన పెద్దాయన ఒకరు సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో (ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగాల్సిన రకం) ఒక్కో తూటా పెట్టుకుంటూ, మేం రెండు మ్యాగజైన్లు ఖాళీ చేసేలోపు ఆరు పేలుస్తారు. తొందరేముంది అంటారు.

ఖాళీ ఛాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కి సాధన చేసేవాళ్లు ముందు మాన్యువల్ చదవండి. కొన్ని రిమ్‌ఫైర్ పిస్టళ్లలో పిన్ నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి అక్కడ సొట్ట పడుతుంది, ఆ తర్వాత కేసులు ఇరుక్కుంటాయి.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఒక కొత్త సభ్యుడి విషయం. గుండ్లన్నీ ఎడమ వైపు కిందకి పోతున్నాయని సైట్లు తిప్పి తిప్పి విసిగిపోయాడు. అతని పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి 25 మీటర్ల నుంచి పేలిస్తే ఒక్కటీ తొమ్మిదో రింగు దాటలేదు. తర్వాత అతనికి తెలియకుండా మ్యాగజైన్ మధ్యలో రెండు డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటాలు కలిపాం. "టక్" మన్నప్పుడు గొట్టం బొటనవేలంత కిందకి వంగింది. అంటే పేలుడుకు ముందే అతని చేయి తనంతట తానే కిందకి జారుతోంది. చుట్టూ ఉన్న మేం ఏమీ అనలేదు, అతనే చూశాడు. ఇప్పుడు డమ్మీ ఎక్కడుందో తెలియకుండా తన మ్యాగజైన్లు వేరేవాళ్లతో నింపించుకుంటున్నాడు.

వచ్చే ఏడాదికి కమిటీ తీర్మానాలు: డమ్మీ తూటాల పెట్టె రేంజ్‌లోనే ఉంటుంది. సీసం దుమ్ము కారణంగా ఫైరింగ్ లైన్ దగ్గర తినడం, తాగడం నిషేధం, వెళ్లేముందు చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నేలను పొడిగా ఊడవకుండా తడిబట్టతో తుడుస్తారు. కొత్త నోట్‌బుక్కు బల్ల మీద పెట్టాం, పెన్ను ఈసారి దారంతో కట్టాం.

కార్యదర్శి